రవ్వంత ఉండు

నాలుగుంబావుకి
మద్రాసు బస్టాండు వెనక లాడ్జి మెట్లు దిగాను.
వాచ్‌మన్ దుప్పటికి కాళ్ళున్నాయి, తల లేదు.
మెడలో కెమెరా, జేబులో ఇంకో బ్యాటరీ,
ముహూర్తం తొమ్మిదీ పన్నెండుకి.
అందాకా ఈ ఊళ్ళో నేనెవరికీ ఏమీ కాను.

మాది ఆసిఫాబాద్ దిక్కు.
అక్కడి చలి ఎముకల్లోకి పోతుంది గానీ
అద్దం మీద కూర్చోదు.
ఇక్కడ ఏసీ గది దాటి వీధిలో కాలు పెట్టానో లేదో
లెన్సుకి ఒళ్ళంతా చెమట.
తుడిచాను. పట్టింది.
చున్నీతో తుడిచాను. మళ్ళీ పట్టింది.
వ్యూఫైండర్లో నెల్లూరు
ఇప్పుడే మూత తీసిన అన్నం గిన్నె.

సరే, గుడ్డిది కెమెరా, నేను కాదు గదా అనుకుని
ముక్కు పట్టుకుపోయిన చోటికి పోయాను.
సందు మలుపులో మల్లెల గంప,
ఆ తర్వాత డీజిలు,
ఆ తర్వాత ఉప్పు.

చేపల మార్కెట్‌లో
లారీ మీంచి ఐసు దిమ్మలు పడుతున్నాయి.
ఒక పెచ్చు జారి జారి చక్రం కిందికి పోతే
కుక్క దాన్ని ఎముకనుకుని నాకి, తప్పు తెలుసుకుని,
అయినా నాకింది.
తూకం మిషను మీద చెయ్యేసి ఒక పిల్లాడు నిద్ర.
ఎర్ర అంకెల్లో ఆ చేతి బరువు:
కిలో నూట యాభై.

కెమెరా ఎత్తాను. పాలు.
దించాను.

"ఏం పాపా, పేపరోళ్ళా?"
పళ్ళ మధ్య టార్చి ఫోను కరచుకుని
రొయ్యలేరుతున్న మస్తానమ్మ, ఫోను చేతిలోకి తీసి అడిగింది.
"కాదమ్మా, పెళ్ళి ఫొటోలు తీస్త."
"తీస్తనా! యాడదమ్మే నీ మాట?"
చెప్పాను. హైదరాబాదు పక్కనా అంది.
ఇంకా పైకి, ఇంకా పైకి అంటూ పోతే
"అంత దూరం నుంచి మా పెళ్ళికా" అని మురిసింది,
పెళ్ళి ఎవరిదో ఆమెకీ తెలీదు, నాకూ సరిగ్గా తెలీదు.

లెన్సులోకి తొంగి చూసింది.
"పొరొచ్చిందే దీనికి. మా అత్తకీ ఇట్టనే."
నేను వద్దనేలోపు
పైట చెంగుతో,
డెబ్బై వేల గాజుని, పళ్ళెం తుడిచినట్టు తుడిచేసింది.
నా గుండె ఒక కొట్టు తప్పింది.
"రవ్వంత ఉండు. అదే పోద్ది.
పులుసైనా అంతే, దించంగానే ఏముంటది?
రాత్రి ఉంచి పొద్దున తినాల."

రవ్వంత.
మా దిక్కు 'జర' అంటాం. జరలో అగ్గి లేదు.
ఇది నిప్పురవ్వంత, ఎగిరి ఆరేంత సేపు.
పన్నెండేళ్ళుగా వెలుగుని ముక్కలు కోసి అమ్ముకుంటున్నాను,
సెకనులో అరవయ్యో వంతు, నూట పాతికో వంతు.
ఈ కొలత ఏ డయల్ మీదా చూళ్ళేదు.

బోర్లించిన ట్రే మీద కూర్చున్నాను.
ఎవరో అంకెలు అరుస్తున్నారు, ఎవరో అంకెలు తగ్గిస్తున్నారు.
పెన్న వంతెన మీద రైలు చాలాసేపు పోయింది.
రొయ్యల మీసాలు ఆమె వేళ్ళకి చుట్టుకుని విడిపోతున్నాయి.
నేనేమీ తియ్యలేదు.

అద్దం తేరుకునేసరికి
టార్చి ఆర్పేసింది మస్తానమ్మ.
పిల్లాడు లేచాడు, మిషను సున్నా చూపిస్తోంది.
రేకుల కప్పు అంచున తెల్లటి గీత.
"ఇప్పుడు తియ్యి" అని పైట సర్దుకుని
ఆధార్ కార్డుకి కూర్చున్నట్టు కూర్చుంది.
తీశాను. బాగా వచ్చింది.
అందులో ఏమీ లేదు.

దర్గామిట్ట కల్యాణ మండపంలో పదహారొందల ఫొటోలు.
చున్నీ దగ్గరికి వచ్చినప్పుడల్లా పెళ్ళికూతురి పెదనాన్న
ముక్కు ఎగబీల్చి, ఆకలిగా, చుట్టూ వెతికాడు.

నాలుగో రోజు ఎడిటింగ్ పిల్లగాడి ఫోను:
"అక్కా, దీపం ఉన్న ప్రతి ఫొటోల పైమూలకు
ఏందో మెరుస్తున్నది. లెన్సుకు ఏమన్న అంటిందా?
చేప పొలుసు తీరు ఉన్నది.
తీసెయ్యాల్నా?"

జర ఆగు, అన్నాను.